రక్తమునందును ఆహారమునందును విటమినులను కొలుచు పద్ధతులు
(ఢిల్లీ, బేర్ సరాయ్ నందు పురపాలక, తాలూకా అధికారుల సమావేశములో చదువబడిన ఉపన్యాసము)

అధ్యక్ష మహాశయా, పురపాలక సంఘముల ప్రతినిధులారా, తాలూకా ఉద్యోగులారా,

తాలూకా యని పాతవాడుక చొప్పున పలికితిని. ఆంధ్రదేశమున 1985వ సంవత్సరములో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. కాని సరిహద్దున కావల కర్ణాటకమునందును తమిళనాడునందును నివసించు తెలుగువారు నేటికిని తాలూకాలలోనే యున్నారు గనుక ఈ పదము బొత్తిగా తప్పు కానేరదు.

విటమినులను కొలుచు విధానములను గూర్చి మాటలాడుమని నన్ను కోరిరి. ఇది ప్రయోగశాలలోని వారి పని గదా, కచేరీలో కూర్చుండువారికి దీనితో నేమి ప్రసక్తి యని కొందఱు తలపవచ్చును. నూనెలో విటమిను ఎ చాలదని వచ్చిన నివేదికను బట్టి వర్తకునిపై చర్య జరుగును. గర్భిణుల రక్తములో ఫోలిక్ ఆమ్లము సమృద్ధిగా నున్నదని వచ్చిన నివేదికను బట్టి మాత్రల పంపకము సడలవచ్చును. ఆ నివేదికలోని అంకె సగమే ప్రయోగశాలలో తయారగును. తక్కిన సగము మీ యెల్లలలో, నమూనా తీయునప్పుడును దానిని పంపునప్పుడును తయారగును. నేడు ముఖ్యముగా చెప్పదలచినది ఈ రెండవ సగమును గూర్చియే. అయినను మొదటిది కొంత తెలియనిదే రెండవది బోధపడదు గనుక కొలతల తీరును గూడ వివరింతును.

మనము కూడిన ఈ బేర్ సరాయ్ సందులలో, మన జిల్లాల నుండి వచ్చి సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువకులు కొందఱు కాపురముందురు. ఇరుకు మేడలు, పగలును దీపము వెలుగు గదులు. వీరికి ఎండ యెంతమాత్రము తగులునని నాకు సందేహము. ఇక్కడికి కొద్ది మైళ్ల దూరముననున్న అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థవారు ఢిల్లీలోని ఆరోగ్యవంతుల రక్తములో విటమిను డిని కొలిచి 2000వ సంవత్సరమున ఫలితములను ప్రకటించిరి. ఎండలో కవాతు చేయు సైనికులకంటె ఆసుపత్రిలో పనిచేయు వైద్యులకును నర్సులకును అది మిక్కిలి తక్కువగా నుండెను. ఇది ఉత్తరదేశపు చలికాలపు సంగతి, మన దక్షిణమున సూర్యునికి కొదువలేదు గదా యని అనుకొనవలదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థవారు 2007లో ప్రకటించిన పరిశోధనలో, పట్టణవాసులకంటె పొలములో పనిచేయువారికి విటమిను డి మెరుగుగా నున్నను, వారిలో సైతము లోపము గలవారు పెక్కండ్రు కనబడిరి. కన్నులతో చూచి ఊహించుట వేరు, కొలిచి తెలిసికొనుట వేరు.

మన దేశమున ఈ కొలతల కథ చాలవరకు మన తీరజిల్లాల బియ్యముతోనే ముడివడియున్నది. ఉత్తర సర్కారులలో, అనగా విశాఖపట్టణము మొదలు గుంటూరు వఱకు గల ప్రాంతములో, బెరిబెరి వ్యాధి చిరకాలము పాతుకొనియుండెను. కాళ్లు తిమ్మిరెక్కుట, నీరు పట్టుట, తుదకు గుండె చెడుట దాని లక్షణములు. 1918లో నీలగిరులందలి కూనూరులో పాస్టరు సంస్థకు చెందిన ఒక గదిలో మెకారిసన్ దొర బెరిబెరి విచారణను ఆరంభించెను. ఆ చిన్న గదియే 1928 నాటికి పోషకాహార పరిశోధనశాలగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యని పేరు దాల్చెను. తెలుగుదేశపు రోగమును వెదకుచు కొండమీద పుట్టిన సంస్థ నలువది సంవత్సరములకు తెలుగుదేశమునకే వచ్చి చేరినదన్నమాట.

ఆ తొలినాళ్లలో విటమినును తూచు తక్కెడ లేదు. పావురములే తక్కెడలు. మరపట్టిన తెల్లబియ్యము మాత్రము పెట్టిన పావురమునకు కొలది వారములలో మెడ వెనుకకు వాలి కాళ్లు పడిపోవును. అప్పుడు తవుడో, పరీక్షింపవలసిన మఱియొక పదార్థమో ఎంత పెట్టిన పక్షి కోలుకొనునో చూచి, దానిని బట్టి ఆ పదార్థపు బలమును లెక్కించెడివారు. విటమిను ఎ విషయమున ఎలుకపిల్లల బరువు పెరుగుటను చూచెడివారు. ఒక్క నమూనాకు వారములు గడచును. పది జంతువులలో పది విధముల ఫలితము వచ్చును. ఐనను నేటి అంతర్జాతీయ యూనిట్లు ఈ జంతుపరీక్షలనుండి పుట్టినవే. మందు సీసాలమీద ఆ పేరు ఇప్పటికిని చూచుచున్నారు.

తరువాత రసాయన పద్ధతి వచ్చెను. విటమిను బి1, అనగా థయామిను, స్వతహాగా వెలుగదు. దానికి క్షారమును, పొటాషియము ఫెరిసయనైడును చేర్చిన థయోక్రోము అను పదార్థముగా మారును. దానిపై కంటికగపడని అతినీలలోహిత కిరణములు పడిన నీలికాంతితో మెఱయును. ఆ కాంతి తీవ్రతయే కొలత. ఈ విధముగా నేడు బియ్యమును పరీక్షించిన, సర్కారులలో నాడు జరిగినదేమో అంకెలలో కనబడును. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన భారతీయ ఆహార పదార్థముల పట్టిక ప్రకారము నూరు గ్రాముల ముడిబియ్యములో థయామిను 0.27 మిల్లీగ్రాములు, మరపట్టిన పచ్చిబియ్యములో 0.05, మరపట్టిన ఉప్పుడు బియ్యములో 0.17. వడ్లను నానబెట్టి ఉడికించునప్పుడు పొట్టు క్రింది విటమిను గింజలోనికి ఇంకును గనుక మర దానిని పూర్తిగా హరింపజాలదు. అరవ జిల్లాలలో ఉప్పుడు బియ్యము వాడుక. మన తీరజిల్లాలలో పచ్చిబియ్యము వాడుక. మన గృహిణులు ఆ బియ్యమును పలుమారులు కడిగి, ఉడికించి, గంజి వార్చుదురు. మిగిలియున్న ఆ స్వల్పములో నెంత భాగము గంజితో పోవునో ఊహింపుడు. కనుక వసతిగృహములనుండి నమూనా పంపునప్పుడు మూటలోని బియ్యము పంపితిరా, వార్చిన అన్నము పంపితిరా యను సంగతి చీటిపై వ్రాయనిచో ఆ అంకెకు అర్థము లేదు. పిల్లవాడు తినునది అన్నము గాని మూటలోని బియ్యము కాదు.

రంగును బట్టి కొలుచు విద్యను గూర్చి చెప్పునప్పుడు మనవాడైన యెల్లాప్రగడ సుబ్బారావు గారిని తలపకుండుట న్యాయము కాదు. 1895లో భీమవరమున జన్మించిన ఈయన అమెరికాలో ఫిస్కే పండితునితో కలసి రక్తములోను మూత్రములోను భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. భాస్వరమున్న కొలది ద్రావణము నీలముగా మారును. ఆ నీలపు చిక్కదనమును తెలిసిన ద్రావణముతో పోల్చి చూతురు. శతాబ్దము గడచినను విద్యార్థులు ఆ పద్ధతిని నేర్చుకొనుచునే యున్నారు. పిమ్మట లెడర్లీ ప్రయోగశాలలలో ఆయన నడపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. మన గ్రామములలో గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రలోనిది ఈ ఫోలిక్ ఆమ్లమే.

ఫోలిక్ ఆమ్లమును కొలుచుటకు జంతువులకు మారుగా సూక్ష్మజీవులను పెంచుదురు. లాక్టోబాసిల్లస్ అను జాతిలో ఒక రకము ఫోలిక్ ఆమ్లము లేనిదే పెరుగజాలదు. మఱియొక రకము విటమిను బి12 లేనిదే పెరుగదు. తక్కిన ఆహారమంతయు సమకూర్చి, ఆ యొక్క విటమినును మాత్రము తప్పించి, దానికి బదులు రోగి రక్తద్రవమును చుక్కగా చేర్చుదురు. గొట్టములోని ద్రవము ఎంత కలగిన అంత విటమిను ఉన్నట్లు. సుబ్బారావు గారి బృందమునకు దారి చూపినవి గూడ ఈ జీవులే. నేడు పెద్ద ఆసుపత్రులలో యంత్రములు ఈ పనిని నిమిషములలో చేయుచున్నవి. అయినను ఫోలేటు విషయమున సూక్ష్మజీవుల పరీక్షను నేటికిని ప్రమాణముగా గౌరవింతురు.

ఇచట నా యనుభవమొకటి చెప్పవలసియున్నది. ఒకానొక తాలూకా నుండి గర్భిణుల రక్తము మా వద్దకు వచ్చెను. ఊరి పేరు అనవసరము. వేసవి, గతుకుల బాట, గొట్టములను నేరుగా మంచుగడ్డలలో గ్రుచ్చిరి. రక్తమును తీసినచోట సెంట్రిఫ్యూజి యంత్రము లేకపోవుటచే సీరమును వేరుచేయలేదు. మా వద్దకు చేరునప్పటికి లేత పసుపుగా నుండవలసిన సీరము చాల గొట్టములలో ఎఱ్ఱగా నుండెను. పరీక్ష జరిగెను. ఫోలేటు సమృద్ధిగా నున్నట్లు అంకెలు వచ్చెను. ఆ తాలూకాలో మాత్రల అవసరము అంతగా లేదని ఒక కాగితము పైకి పోయెను.

కారణము సులభము. ఎఱ్ఱ రక్తకణములలోని ఫోలేటు సీరములోని దానికంటె అనేక రెట్లు అధికము. కుదుపునకును, మంచు తాకుడునకును కణములు పగిలి తమలోనిదంతయు సీరములోనికి క్రుమ్మరించినవి. మేము కొలిచినది ఆ స్త్రీల స్థితి కాదు, బండి కుదుపు. మరల సరియైన విధమున రక్తము తీయించి చూడగా లోపము బయటపడెను. ఈలోగా కొన్ని వారములు గడచెను. గర్భిణికి కొన్ని వారములనగా నేమో నేను చెప్పనక్కరలేదు. తప్పు పంపినవారిదని త్రోసివేయుట సులభమే గాని, ఎఱ్ఱని సీరమును చూచియు వెనుకకు త్రిప్పక పరీక్షకు పెట్టిన తప్పు మాది. అప్పటినుండి పనికిరాని నమూనాను పనికిరాదని వ్రాసి త్రిప్పి పంపుటకు జంకుట మానితిని. మీ కచేరీకి అటువంటి ఉత్తరము వచ్చిన కోపింపకుడు.

విటమిను ఎ కొలత చరిత్రయందు గూడ తొందరపాటుకు తావు కలదు. 1926లో కార్, ప్రైస్ అను వారు కనుగొన్న పద్ధతిలో ఆంటిమనీ ట్రైక్లోరైడు చేర్చిన మంచి నీలవర్ణము పుట్టును గాని, అది క్షణములలో వెలిసిపోవును. కొలుచువాడు ఱెప్పవాల్చక చూడవలెను. ఇప్పుడు అధిక పీడన ద్రవ క్రొమాటోగ్రఫీ అను విధానమున్నది. మెత్తని పొడి దట్టించిన సన్నని ఉక్కు గొట్టముగుండ ద్రవమును బలముగా త్రోయగా, కలసియున్న పదార్థములు ఒకదానివెంట నొకటిగా వేర్వేరు వేళలకు వెలువడును. విటమిను ఎ వెలువడు వేళ అది పీల్చుకొను కాంతిని బట్టి పరిమాణము తెలియును. 2016 మొదలు 2018 వఱకు జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార పరిశీలనలో పిల్లల రక్తమును ఈ విధముగనే పరీక్షించిరి. ఒకటి మొదలు నాలుగేండ్ల పిల్లలలో నూటికి 18 మందికి విటమిను ఎ లోపము కనబడెను.

ఆ పరిశీలనలో మెచ్చుకొనదగిన జాగ్రత్త యొకటి కలదు. ఏ బిడ్డ శరీరములోనైన తాపము, అనగా జ్వరముగాని లోపలి వాపుగాని యున్నచో, కాలేయము విటమిను ఎను మోయు ప్రోటీనును తగ్గించివేయును. నిల్వ నిండుగనే యుండవచ్చును. రక్తములో మాత్రము తక్కువగా కనబడును. అందుచేత వారు సి-ప్రతిచర్య ప్రోటీను అను మఱియొక దానిని గూడ కొలిచి, అది హెచ్చుగా నున్న పిల్లల అంకెలను లెక్కలోనికి తీసికొనలేదు. వానకాలపు జ్వరములు ప్రబలియుండగా పాఠశాలకు పోయి రక్తము తీయించి, ఊరంతయు విటమిను ఎ లోపమని నివేదిక వ్రాయుట యెంత ప్రమాదమో దీనివలన తెలియుచున్నది. జ్వరమున్న బిడ్డ గొట్టముపై ఆ సంగతి వ్రాయవలయును; వీలైనచో ఆ బిడ్డను కోలుకొన్న పిమ్మట పిలువవలయును.

ఇక బియ్యమునకు మరల వత్తము. పోషకములు చేర్చిన గింజలను చౌకడిపో బియ్యములోను పాఠశాల బియ్యములోను కలిపి ఇచ్చుటకు కేంద్ర మంత్రిమండలి 2022 ఏప్రిలులో అనుమతించెను. నూరుపాళ్ల బియ్యమునకు ఒక పాలు గింజలు. వానిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12. వీనిని చూచి ప్లాస్టిక్కు బియ్యమని మన గ్రామములలో ఎంత గగ్గోలు పుట్టెనో మీ కెఱుకయే. అవి బియ్యపు పిండితో ఒత్తి చేసిన గింజలని నచ్చజెప్పుటకు మీలో పలువురు తిప్పలు పడియుందురు. నేను చెప్పబోవునది వానిని కొలుచుటలోని చిక్కు.

ఆహార భద్రతా ప్రమాణము ప్రకారము కలిపిన బియ్యములో కిలోకు బి12 0.75 మొదలు 1.25 మైక్రోగ్రాముల వఱకు ఉండవలెను. ఒక మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు. కిలో బియ్యములో అంత! అంతకంటె పెద్ద చిక్కు నమూనా పరిమాణము. వేయి గింజలు సుమారు 20 గ్రాములు తూగుననుకొందము. ఒక ఉద్యోగి మూటపైనుండి పిడికెడులో కొంత, 10 గ్రాములు, తీసెను. అందులో 500 గింజలు. పోషక గింజలు సగటున అయిదు. బియ్యము చక్కగా కలిసియున్నప్పటికిని, ఇట్లు తీసిన నమూనాలలో ఎనిమిదింట ఒకదానిలో రెండో అంతకు తక్కువో పోషక గింజలుండును. ఇంచుమించు ఎనిమిదింట ఒకదానిలో ఎనిమిదో అంతకు ఎక్కువో ఉండును. అనగా ఏ దోషమును లేని మిల్లుదారుడు ఒకమారు మోసగాడుగను, మఱియొకమారు మోతాదు మీఱినవాడుగను తేలును. అర కిలో తీసిన యెడల సగటున 250 గింజలు. పదింట తొమ్మిదిమారులు 225కును 275కును నడుమ నుండును. అప్పుడు నివేదికను నమ్మవచ్చును. బరువు గింజ అడుగునకు, పొడి మూలకు చేరుట సహజము గనుక అనేక మూటలనుండి, పైన నడుమ క్రింద తీసి, కలిపి, అందులోనుండి నమూనా కట్టవలయును. ఇందుకు యంత్రములేవియు అక్కఱలేదు.

పొటాషియము థయోసయనేటు వేసిన ఇనుమున్న గింజలు ఎఱ్ఱబడును. ఈ చిన్న పరీక్ష గోదాములో చేయవచ్చును, మంచిదే. కాని అది ఇనుమును మాత్రమే చూపును. బి12 సంగతి దానికి తెలియదు.

నూనెను గూర్చి కొద్దిగా. పోషకములు చేర్చిన నూనెలో గ్రాముకు విటమిను ఎ 6 మొదలు 9.9 మైక్రోగ్రాములుండవలెనని నిబంధన. వెలుతురును వేడిమియు విటమిను ఎకు శత్రువులు. కార్ఖానాలో సరిగానే చేర్చిన నూనె పారదర్శకమైన సీసాలో దుకాణపు ముంగిట ఎండలో మాసములు నిలిచిన తగ్గిపోవును. తీసిన నమూనాను ఆహార భద్రతాధికారి తెల్లసీసాలో జీపు అద్దము చెంత పెట్టుకొని వచ్చిన మఱికొంత తగ్గును. 2006వ సంవత్సరపు ఆహార భద్రతా చట్టము నమూనాను నాలుగు భాగములుగా చేసి ముద్ర వేయుమనుటయు, వర్తకుడు కోరినచో ఒక భాగమును గుర్తింపుగల మఱియొక ప్రయోగశాలకు పంపుమనుటయు న్యాయమే. కాని నాలుగు భాగములును ఒకే ఎండలో ఉడికియున్నచో రెండవ పరీక్షవలన వర్తకునికి ఒరుగునదేమి? గోధుమరంగు సీసా, దానిపై నల్లకాగితము, చల్లనిపెట్టె, ఈ మూటికి మీ లెక్కలలో పద్దు వ్రాసికొనుడు.

విటమిను సి అన్నిటికంటె పిఱికిది. ఇండోఫినాలు అను నీలపు రంగును ఈ విటమిను వెలవెలబోవునట్లు చేయును. రంగు ఎన్ని చుక్కలు పోసిన తరువాత గులాబిరంగు నిలుచునో లెక్కింతురు. చౌకయైన పద్ధతి, జిల్లా కళాశాలలో గూడ చేయవచ్చును. ఎఱ్ఱ గోంగూర రసము తానే ఎఱ్ఱగా నుండుటచే ఆ గులాబిరంగు తెలియదు. అట్టివానికి క్రొమాటోగ్రఫీయే శరణ్యము. ఆకుకూర ఉదయము కోసినదా, సాయంకాలము అంగడిలో వాడినదా యనుదానిని బట్టి అంకె మాఱును. తరిగిన వెంటనే మెటాఫాస్ఫారిక్ ఆమ్లములో వేయనిచో ప్రయోగశాల చేరులోపల మఱింత నశించును.

రక్తములో విటమిను డి విషయమున ఒక హెచ్చరిక. ఒకే రక్తమును రెండు సీసాలలో పోసి రెండు ప్రయోగశాలలకు పంపిన అంకెలు భిన్నముగా రావచ్చును; ప్రతిరక్షక పద్ధతిని అనుసరించువారును, ద్రవ్యరాశి వర్ణమాపకమును ఉపయోగించువారును ఒక్క మాటమీద ఎల్లప్పుడును ఉండరు. లోపమునకు గీత గీయుటలో గూడ కొందఱు మిల్లీలీటరునకు 12 నానోగ్రాములనియు, కొందఱు 20 అనియు అందురు. రెండు తాలూకాలను పోల్చదలచినచో, ఒకే ఋతువున తీసిన రక్తమును, ఒకే ప్రయోగశాలకు, ఒకే పద్ధతికి పంపవలయును. నిరుడు వేసవిలో ఒకచోటను, ఈ యేడు పుష్యమాసములో వేఱొకచోటను కొలిచి, ఆ భేదమును తమ పథకపు ఫలితముగా చూపిన నివేదికలను నేను చదివియున్నాను.

చివరగా, నమూనాతో పంపు చీటిని గూర్చి. ఇప్పుడు చాలచోట్ల పేరు, ఊరు, వయస్సు మాత్రమే వ్రాయుచున్నారు. తీసిన తేదీయే గాక గంటయు, తినకముందా తినిన తరువాతనా యనునదియు, జ్వరమున్నదా లేదా యనునదియు, గత మాసములో విటమిను మాత్రలు మ్రింగిరా యనునదియు, సీరమును వేరుచేసిన వేళయు, పెట్టె మూసినవేళ దానిలోని ఉష్ణోగ్రతయు వ్రాయింపుడు. ఆహార నమూనాయైనచో మూటల సంఖ్య, తీసిన చోటు, నిల్వయున్న తీరు, పచ్చిదా వండినదా యనునవి. ఈ అంశములకు గడులుగల చీటి నమూనా నొకదానిని వ్రాతబల్లపై నుంచితిని. ప్రతియొక్కరును ఒక ప్రతి తీసికొనిపోవచ్చును.